మంగళవారం దాటని కంప్యూటర్

నార్కట్‌పల్లిలో కంప్యూటర్ యుగం ఒక మంగళవారం నాడు మొదలైంది. ఆ తర్వాత పదేళ్ళ దాకా బుధవారం రాలేదు.

చరిత్రకారులు ఈ విషయాన్ని ఇంతవరకు పట్టించుకోకపోవడం విచారకరం. పానగల్లు గుళ్ళలో శాసనాలు వేయించిన రాజులు దేవుడి దీపానికి నాలుగు గొర్రెలు దానమిచ్చినా సరే, శక సంవత్సరం, మాసం, పక్షం, తిథి, వారం రాతి మీద కొట్టించి మరీ ఇచ్చేవారు. అంతటి పరంపర ఉన్న నేల మీదికి ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కంప్యూటర్ వచ్చింది. పొద్దున స్విచ్ వేయగానే అది చాలా వినయంగా ఒక సంగతి అడిగేది: నాకు తెలిసినంతలో ఇవాళ మంగళవారం, 1980 జనవరి ఒకటి. కాకపోతే సరైన తేదీ చెప్పండి.

పాపం, దాని తప్పేమీ లేదు. ఆ కాలపు యంత్రాల్లో చాలావాటికి లోపల గడియారం ఉండేది కాదు. ఉన్నవాటికి బ్యాటరీ ఎప్పుడో చచ్చి ఉండేది. కరెంటు పోయినప్పుడల్లా అవి సర్వం మరిచిపోయి, తమ క్యాలెండరు మొదలైన రోజుకు వెళ్ళి కూర్చునేవి. కరెంటు పోవడమన్నది మా నల్గొండ జిల్లాలో విడిగా చెప్పుకోవలసిన సంఘటన కాదు.

ఆ ప్రశ్నకు జిల్లా ప్రజలు ఇచ్చిన జవాబు ఎంటర్ మీట. తర్వాత అది టైమెంత అని అడిగేది. దానికీ ఎంటరే. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, ఎవరు నేర్పారో తెలియదు. గడప దాటేటప్పుడు కాలు ఎత్తినంత సహజంగా, స్విచ్ వేసిన ప్రతి చెయ్యీ రెండు ఎంటర్లు కొట్టి ముందుకు పోయేది. నల్గొండలో అంతే, మిర్యాలగూడలో అంతే, అక్కడ మహబూబ్‌నగర్లోనూ అంతే. కులమతాలకు అతీతంగా ప్రజలంతా ఒక్కటై పాటించిన ఆచారం రెండు జిల్లాల్లో ఇంకొకటి దొరకడం కష్టం.

దీన్ని ఒక్కడంటే ఒక్కడు ఎదిరించాడు. ఆయన పేరు దస్తగిరి.

దస్తగిరి వాళ్ళ నాయిన మెహమూద్ దూదేకుల పని చేసేవాడు. పరుపులకూ బొంతలకూ దూది ఏకుతూ ఊరూరా తిరిగేవాడు. కొడుకు ఆ దూది ఏకే విల్లు పట్టలేదు. నల్గొండ ఐటీఐలో రేడియో పని నేర్చుకొని, నార్కట్‌పల్లి చౌరస్తాలో, నాలుగు దిక్కులకూ పోయే బస్సుల దుమ్ములో, రేడియో రిపేరు దుకాణం పెట్టాడు. రేడియోలు బాగానే చేసేవాడు. బాగైన రేడియో తీసుకుపోవడానికి వచ్చిన మనిషికి ఆ రేడియో అసలెందుకు కొనకూడదో కూడా చెప్పేవాడు.

1987లో భార్య హసీనాను, చంకలో పాపను వెంటబెట్టుకొని హైదరాబాద్ నుమాయిష్ చూడబోయాడు. అక్కడ ఒక స్టాల్లో కంప్యూటర్ జాతకం చెబుతోంది. పేరూ పుట్టిన తేదీ చెబితే కరకరమని కాయితం అచ్చువేసి ఇస్తుంది. దస్తగిరి ఇచ్చాడు. కాయితం వచ్చింది. అయిదేళ్ళలో వివాహయోగం ఉందని అందులో రాసి ఉంది.

"ఏం జీ," అంది హసీనా, పాపను ఇంకో చంకకు మార్చుకుంటూ. "ఇంకో పెండ్లా?"

దస్తగిరికి నవ్వు రాలేదు. కాయితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కింద మూలకు చిన్న అక్షరాల్లో 1-1-1980 అని ఉంది. యంత్రం తనకు తెలిసిన రోజు నుంచి లెక్కపెట్టి నిజాయితీగానే చెప్పింది. 1980లో నిలబడి చూస్తే దస్తగిరి పెళ్ళి నిజంగానే అయిదేళ్ళ లోపు ఉంది. తప్పు యంత్రానిది కాదు, దానికి తేదీ చెప్పని మనిషిది.

ఆ సాయంత్రం ఆయన జెయింట్ వీల్ ఎక్కలేదు, మిర్చి బజ్జీ తినలేదు. బస్సులో నార్కట్‌పల్లి వచ్చిందాకా కాలు ఊపుతూనే ఉన్నాడు. దిగేముందు హసీనాతో ఒక్క మాట అన్నాడు: "తేదీ చెప్పనోనికి కంప్యూటర్‌ను ఇంకోటి అడిగే హక్కు లేదు." ఇది ఆయన మొదటి అభిప్రాయం. ఆ తర్వాత వచ్చినవాటికి లెక్క లేదు.

రెండేళ్ళు కష్టపడి, హైదరాబాద్ పోయి వస్తూ, దొరికిన పుస్తకమల్లా చదివి, కంప్యూటర్ నేర్చుకున్నాడు. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర ఒక మేడ మీద ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టరుగా కుదిరాడు. కిటికీలోంచి చూస్తే టవర్ మీది గడియారం కనిపించేది. లోపలి కంప్యూటర్లకు మాత్రం మంగళవారమే. ఆ గదిలోకి చెప్పులు విడిచి పోవాలి. చల్లటి ఏసీ గదిలో యంత్రాలుండేవి, బయట చెమటలు కక్కుతూ విద్యార్థులుండేవారు. దసరాకు కంప్యూటర్లకు పసుపుకుంకుమలు పెట్టి, నిమ్మకాయలు కోసేవారు. దస్తగిరి వీటన్నిటికీ ఒప్పుకున్నాడు. రెండు ఎంటర్లకు మాత్రం ఒప్పుకోలేదు.

ఇన్‌స్టిట్యూట్ యజమాని దుర్గయ్య ఒకరోజు క్లాసులోకి తొంగిచూశాడు.

"మాస్టరూ, పిల్లలొచ్చి గంటైంది. ఇంక తేదీ కాడనే ఉన్నరంట?"

"పక్కోడు చెప్పిన తేదీ కొడుతున్నరు సార్. ఎవరిది వాళ్ళు తెల్సుకోవాలె."

"ఇయ్యాల తేదీ అందరికి ఒకటే గదా?"

"గట్ల అనుకునుడే సార్ మన దేశం కొంప ముంచింది."

దుర్గయ్య దేశం సంగతి ఆలోచించుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ ఉద్యోగం పోయింది మాత్రం తేదీ వల్ల కాదు. దేవరకొండ నుంచి ఒక రైతు తన కొడుకును చేర్పించడానికి వచ్చి, పిలగానికి నౌకరి వస్తదా అని అడిగాడు. దస్తగిరి ఆయన మొహం చూసి నిజం చెప్పాడు. "టైపు వస్తది పెద్దాయినా. టైపు ఇన్‌స్టిట్యూట్‌ల నేర్చుకున్నా వస్తది. అక్కడ చెప్పులు ఇడిచే పనిలేదు." రైతు కొడుకును తీసుకొని మెట్లు దిగి, ఎదురుగా ఉన్న టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కాడు. ఇదంతా దుర్గయ్య కిటికీలోంచి చూశాడు.

తర్వాత కొన్నాళ్ళు పెళ్ళిపత్రికలు కూర్చే డీటీపీ సెంటర్లో పనిచేశాడు. అక్కడ ఆయన ఆలోచనలు ఇంకా ముదిరాయి. మౌస్ అంటే ఆయనకు గిట్టదు. "మిఠాయి దుకాణంల నోరు తిరగని పోరడు వేలు పెట్టి చూపిస్తడు. చదువొచ్చినోడు పేరు చెప్పి అడుగుతడు. చదువుకున్నోని చేతికి మౌసిచ్చి మళ్ళా వేలు చూపియ్యమంటున్నరు." కొత్త సాఫ్ట్‌వేర్లు అంటే అసలే గిట్టదు. ఒక్క ఫ్లాపీలో పట్టని సాఫ్ట్‌వేరు సాఫ్ట్‌వేరే కాదనేవాడు. "పెండ్లికి పోయేటోడు ఒక్క సంచిల సర్దుకుంటడు. ఇల్లు ఖాళీ చేసేటోడు లారీ మాట్లాడుకుంటడు. వీళ్ళు ఉత్తరం రాసేటందుకు లారీ కడుతున్నరు." ఇక వర్షన్ల సంగతి ఎత్తితే ఆయన కూర్చోలేకపోయేవాడు. లేచి నిలబడేవాడు, పత్రిక అచ్చువేయించుకోవడానికి వచ్చిన పెళ్ళివారి చుట్టూ తిరిగేవాడు. "సైకిలు కొంటివి. బ్రేకు పడుత లేదు. పోయి అడిగితివి. వచ్చే ఏడు బ్రేకు పడే సైకిలు వస్తది, అదిగూడ కొనుక్కో అన్నడు. ఊకుంటవా? చెప్పు, ఊకుంటవా?" పెళ్ళివారు ఊరుకోమని ఒప్పుకొని, ముహూర్తం టైము ఇంకోసారి సరిచూడమని బతిమాలేవారు.

ఆ కొలువు పెరుగు వల్ల పోయింది. సాఫ్ట్‌వేరు కాపీ చేసుకోవడం తప్పా ఒప్పా అని ఒకనాడు దుకాణంలో మాట వచ్చింది. దస్తగిరి తన సిద్ధాంతం చెప్పాడు. "పక్కింటామె తోడుకు చెంచెడు పెరుగు అడుగుతది. లేదంటమా? ఇచ్చినామె కుండల పెరుగు తక్కువైతదా? సాఫ్ట్‌వేరు గా తోడు అసుంటిదే. అడిగినోనికి ఇయ్యాలె. మా దుకాణంల ఉన్నయన్ని తోడు పెట్టుకున్నయే." ఇంత చక్కగా వింటున్న మనిషి ఎవరో ఆయన అడగలేదు. ఆ మనిషి, సాఫ్ట్‌వేరు ఎవరు కొన్నారు, ఎవరు కాపీ చేశారు అని తనిఖీ చేయడానికి హైదరాబాద్ నుంచి వచ్చినవాడు. చాలా మర్యాదగా పెరుగు సిద్ధాంతం చివరిదాకా విని, దుకాణం అడ్రసు రాసుకొని పోయాడు.

ఉద్యోగం పోయినప్పుడల్లా దస్తగిరి చౌరస్తాలోని రేడియో దుకాణానికి తిరిగి వచ్చేవాడు. వచ్చినా నిలకడగా కూర్చునేవాడు కాదు. రేడియో విప్పి, సగంలో వదిలి, రోడ్డు మీదికి వచ్చి, హైదరాబాద్ పోయే బస్సులను చూసి, మళ్ళీ లోపలికి పోయేవాడు. లోకంలో ఎక్కడో ఎవరో తేదీ చెప్పకుండా ఎంటర్ కొడుతున్నారన్న బాధ ఆయన్ను ఒకచోట కుదురుగా ఉండనిచ్చేది కాదు.

ఇల్లు నడిచింది హసీనా కుట్టు మిషను మీద. జాకెట్లు, లంగాలు, బడి పిల్లల బట్టలు. మొగుని అభిప్రాయాలన్నీ ఆమె ఆ మిషను చప్పుడులోనే విన్నది. ఆమెకూ ఒక అభిప్రాయం ఉండేది: "నా మిషను తేదీ అడగదు, వర్షన్ మారదు. నోరు మూసుకొని కుడతది."

పన్నెండేళ్ళు అలా కుట్టీ కుట్టీ ఆమె కళ్ళు దెబ్బతిన్నాయి. నీళ్ళు కారేవి. సూదిలోకి దారం ఎక్కించడానికి పక్కింటి గులాబ్‌బీని పిలవాల్సి వచ్చేది. మంచి దవాఖానలో చూపించాలి. చూపించాలంటే ఒక కొలువు నిలబడాలి.

1999 జులైలో ఆ కొలువు వచ్చింది. చౌటుప్పల్ అవతల హైవే పక్కన ఒక మందుల ఫ్యాక్టరీ. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకు సంవత్సరం అర్థం కాక అన్నీ ఆగిపోతాయని అప్పుడు లోకమంతా ఒకటే భయం. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న యంత్రాలు తొంభై తొమ్మిది తర్వాత సున్నా సున్నా చూసి తికమకపడతాయట. ఫ్యాక్టరీలో పాత కంప్యూటర్లున్నాయి. వాటి భాష తెలిసిన మనిషి కావాలి. పాత వాటిని తప్ప దేన్నీ ప్రేమించని మనిషి నార్కట్‌పల్లిలో ఉన్నాడని ఎవరో చెప్పారు. ఆరు నెలలు టెంపరరీ, పని నచ్చితే పర్మనెంట్. పర్మనెంట్ అయితే ఇంటిల్లిపాదికీ కంపెనీ దవాఖాన కార్డు.

చేరడానికి ముందు రోజు హసీనా ఆయన్ను కూర్చోబెట్టింది.

"జాన్‌పహాడ్ దర్గా మీద ఒట్టెయ్యి."

"దేనికి?"

"ఆరు నెల్లు కంప్యూటర్ల మీద ఒక్క అభిప్రాయం చెప్పొద్దు. ఏది మంచిది, ఏది చెడ్డది, ఎవడు దొంగ, ఎవడు దొర, ఏదీ చెప్పొద్దు. అడిగింది చెయ్యి. నా కండ్లు బాగయినంక దునియ మొత్తానికి చెప్పుకో, నేనే ఎంబడి వచ్చి చప్పట్లు కొడత."

దస్తగిరి లేవబోయాడు. ఆమె సూదీ దారం ఆయన చేతికిచ్చి ఎక్కించమంది. ఎక్కించాడు. ఒట్టేశాడు.

మౌనవ్రతం మునులకు అడవిలో సులువు. దస్తగిరి దాన్ని కంప్యూటర్ల మధ్య చేశాడు. అభిప్రాయం గొంతు దాకా వచ్చినప్పుడల్లా జేబులోంచి సోంపు తీసి నోట్లో పోసుకునేవాడు. పొద్దున బస్సులో ఒక సీట్లో కూర్చొని ఇంకో సీట్లోంచి లేచి దిగేవాడు. ఫ్యాక్టరీకి ఒక స్టేజీ ముందే దిగి, హైవే పక్కన పొలంగట్టు మీద నడుస్తూ, చేతులు ఊపుతూ, ఆ రోజు చెప్పకూడనివన్నీ గట్టిగా చెప్పేసుకొని గేట్లోకి వచ్చేవాడు. కంది చేన్లలో కలుపు తీసేవాళ్ళు మొదట భయపడ్డారు, తర్వాత అలవాటుపడ్డారు.

ఆయనకు అప్పగించినవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది గేటు దగ్గరి ధర్మకాంట. లారీ ఖాళీగా వచ్చేటప్పుడు ఒకసారి, సరుకుతో పోయేటప్పుడు ఒకసారి దాని మీద తూగాలి. లోపల గదిలో ఒక పాత కంప్యూటర్ తూకం చీటీ అచ్చువేస్తుంది. ఆ చీటీ లేకుండా ఒక్క డ్రమ్ము బయటికి పోదు. దాన్ని నడిపేది ఛోటే మియా. పేరులోనే ఛోటా, మనిషి కుర్చీకి నిండుగా ఉంటాడు.

మొదటి రోజు పొద్దున ఛోటే మియా స్విచ్ వేశాడు. తెర వెలిగింది. మంగళవారం, 1-1-1980. ఛోటే మియా లొట్టలేస్తూ పాన్ నములుతూ, అటు చూడకుండానే ఎంటర్, ఎంటర్ కొట్టాడు.

దస్తగిరి సోంపు తీశాడు. అయినా ఆగలేకపోయాడు. అభిప్రాయం కాదు, ప్రశ్నే కదా అనుకున్నాడు.

"ఛోటే భాయ్, అది ఏందో అడుగుతుంది గదా?"

"అడుగుతది."

"జవాబు చెప్పొద్దా?"

"ఎనిమిదేండ్ల సంది అడుగుతనే ఉంది మాస్టర్ సాబ్. నిజంగ కావాలంటే ఈపాటికి ఇంకెవలనన్న అడిగి తెల్సుకోకపోవునా?"

చీటీ మీద 1-1-1980 అని అచ్చయింది. ఛోటే మియా సొరుగులోంచి తేదీ ముద్ర తీశాడు. రబ్బరు చక్రాలు తిప్పి రోజు, నెల, సంవత్సరం కుదిర్చే ముద్ర. దాన్ని ఊదారంగు సిరాలో అద్ది, అచ్చయిన తేదీ మీదే దబ్బున కొట్టాడు. 1980 ఊదారంగులో మునిగిపోయింది. "అసల్ తేదీ గిది," అన్నాడు ముద్రను తడుముతూ. "దీనికి కరెంటు అక్కర్లే."

దస్తగిరి మూడు నెలలు ఇది చూశాడు. ఫ్యాక్టరీలో మిగిలిన యంత్రాలన్నీ ఒక్కొక్కటిగా చూశాడు, మార్చవలసినవి మార్చాడు. ధర్మకాంట దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాలు నిలిచేది కాదు. చివరికి అక్టోబరులో ఒక శుక్రవారం ఛోటే మియా నమాజుకు పోయాక, తానూ పోవలసిన మనిషి అక్కడే ఆగిపోయాడు. కంప్యూటర్‌ను కొత్తగా మొదలుపెట్టి, అది తేదీ అడిగినప్పుడు 1-1-2000 అని కొట్టాడు. రేపటి రోజును ఇవాళే తెచ్చి చూద్దామని. తూచడానికి లారీ లేదు. క్యాంటీన్ జానమ్మ టీ కెటిల్‌తో వస్తోంది.

"జానమ్మా, జర గా కాంట మీద నిలబడు."

"నన్నెందుకు బిడ్డా? లారీ లెక్క కనబడుతున్ననా?"

"ఒక్క నిమిషం. కెటిల్ కింద పెట్టు."

జానమ్మ నిలబడింది. చీటీ వచ్చింది. అందులో ఆమె బరువు అరవై కిలోలు, సంవత్సరం 19100. తొంభై తొమ్మిది తర్వాత నూరని లెక్కపెట్టి, దాన్ని పంతొమ్మిది పక్కన అతికించింది. ఆ సంవత్సరంలో జానమ్మను తూచిన కంప్యూటర్ ఇక తర్వాతి లారీని తూచడానికి నిరాకరించింది. ఏ మీట కొట్టినా కదల్లేదు. దస్తగిరి స్విచ్ ఆపాడు, మళ్ళీ వేశాడు. మంగళవారం, 1-1-1980. తన జీవితంలో మొదటిసారి, జవాబు చెప్పకుండా ఎంటర్ కొట్టాడు. ఇంకో ఎంటర్ కొట్టాడు. జానమ్మ మళ్ళీ అరవై కిలోలు తూగింది. మళ్ళీ తూచాడు. మళ్ళీ తూగింది.

"టీ చల్లారుతాంది బిడ్డా," అంది జానమ్మ కాంట మీది నుంచే. "ఎన్నిసార్లు తూసినా పెరగ."

దస్తగిరి కుర్చీలో కూలబడ్డాడు. సంగతి అరటిపండు ఒలిచినట్టు తేలిపోయింది. ఎవరైనా బుద్ధిమంతుడు రోజూ సరైన తేదీ చెబుతూ వస్తే, జనవరి ఒకటిన ఈ గేటు మూతపడుతుంది. ఛోటే మియాలా పట్టించుకోకుండా రెండు ఎంటర్లు కొడితే, దానికి రెండువేల సంవత్సరం వచ్చిన సంగతే తెలియదు. నుమాయిష్ నాటి నుంచి తాను ఎదిరిస్తూ వచ్చిన బద్ధకమే ఈ ఫ్యాక్టరీకి రక్షణ. తాను ప్రచారం చేసిన ధర్మమే ప్రమాదం.

ఇంకో మనిషైతే సంతోషించి టీ తాగేవాడు. దస్తగిరి మర్నాడు పొద్దున పొలంగట్టు మీద ఒక్క మాట మాట్లాడలేదు. కలుపు తీసేవాళ్ళు పని ఆపి, ఆయనకు ఒంట్లో బాగుందా అని అడిగారు.

డిసెంబరు మొదటి వారంలో మేనేజర్ గురవయ్య మీటింగ్ పెట్టాడు. గురవయ్యది మహబూబ్‌నగర్ వైపు. నెమ్మదైన మనిషి, నెమ్మదిగానే ఉద్యోగాలు తీసేసేవాడు. మీటింగ్‌కు హైదరాబాద్ నుంచి కంప్యూటర్లు అమ్మే కంపెనీ తరఫున టై కట్టుకొని ఒకాయన వచ్చాడు. గోడ మీద బొమ్మలు వేసి చూపిస్తూ, పాతవన్నీ తీసేసి కొత్తవి పెట్టకపోతే ఏమేం ఆగుతాయో గంటసేపు చెప్పాడు. ధర్మకాంట ఆగుతుంది, లారీలు ఆగుతాయి, ఎగుమతులు ఆగుతాయి. కొత్త సాఫ్ట్‌వేర్లో అయితే లారీ బొమ్మ మీద మౌసు పెట్టి నొక్కితే చాలు. అది ఎన్ని ఫ్లాపీలని దస్తగిరి అడగలేదు. అది ఫ్లాపీల్లో పట్టేది కాదని టై ఆయనే గర్వంగా చెప్పాడు. దస్తగిరి పొట్లంలో సోంపు అయిపోయింది.

"ఏం దస్తగిరీ," అన్నాడు గురవయ్య, "ఐదు నెల్లాయె. నీ నోట్లెకెంచి ఒక్క మాట రాలే. నువ్వేమంటవ్?"

దస్తగిరి లేచాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. హసీనా కళ్ళు గుర్తొచ్చాయి. ఒట్టు గుర్తొచ్చింది. జానమ్మ బరువు గుర్తొచ్చింది.

"ధర్మకాంటకు ఏం చేయొద్దు సార్."

"ఏం చేయొద్దా?"

"ఛోటే భాయ్ రోజు లెక్కనే రెండు ఎంటర్లు కొడితే చాలు. దానికి రెండువేలు రాదు. దానికి తొంభైయే రాలే."

టై ఆయన నవ్వాడు. "సార్, ఇది ఒక సొల్యూషనా? తేదీ తెలియని సిస్టంతో..."

తేదీ తెలియని సిస్టం! ఆ మాట దస్తగిరి సొంత మాట. ఆయనే కనిపెట్టి, ఉద్యోగాలు పోగొట్టుకొని, బతికించుకున్న మాట. అది ఇప్పుడు టై కట్టుకొని ఎదురుగా నిలబడి ఆయన మీదికే వస్తోంది. దస్తగిరి బల్ల అంచు పట్టుకొని, "తెలియకపోతేనే మంచిది," అన్నాడు. ఆ మాట బయటికి రావడానికి పడ్డ కష్టం చూసి, పక్కనున్నవాళ్ళు మంచినీళ్ళ గ్లాసు జరిపారు.

"మరి గిన్ని నెల్లు నువ్వు చేసిందేంది?" అన్నాడు గురవయ్య.

"ఏం చేయొద్దో తెల్సుకున్న సార్."

గురవయ్య పెన్ను మూత పెట్టాడు, తీశాడు. "మంచిది. ఒకటో తారీఖు పొద్దుగాల నేనే గేటు కాడికొస్త. గేటు కాడ అన్ని నడిస్తే నీ పర్మనెంట్ మీద సంతకం పెడత. ఒక్కటి ఆగినా, గీ సారు దగ్గర కొత్తవి కొంట. నువ్వు నార్కట్‌పల్లిల రేడియోలు చేసుకో."

ఇంట్లో హసీనా మొహం చూడగానే పట్టేసింది. "నోరు తెరిచినవా?"

"తెరిచిన. గని అభిప్రాయం చెప్పలే. నా అభిప్రాయానికి ఉల్టా చెప్పిన."

హసీనా కుట్టు ఆపి, తలాఖులూ తగాదాలూ తీర్చే ఖాజీ అంత గంభీరంగా ఆలోచించింది. "అదైతే ఒట్టు కిందికి రాదు," అని తీర్పిచ్చింది. ఆ రాత్రికి సూదిలో దారం ఆయనే ఎక్కించాడు.

జనవరి ఒకటి శనివారం. రంజాన్ నెల. దస్తగిరీ ఛోటే మియా ఇద్దరూ ఒక్కపొద్దున్నారు కాబట్టి ఒకరికి సోంపు లేదు, ఇంకొకరికి పాన్ లేదు. గురవయ్య వచ్చాడు. టై ఆయన పిలవకపోయినా వచ్చాడు. పన్లోకి వచ్చినవాళ్ళంతా లోపలికి పోకుండా గేటు దగ్గరే నిలబడ్డారు. లోకం ఆగితే ఎట్లా ఉంటుందో చూద్దామని జానమ్మ కూడా కెటిల్‌తో వచ్చింది. కాంట మీద డ్రమ్ములు నింపిన లారీ, డ్రైవరు చెయ్యి హారన్ మీద.

ఛోటే మియా బిస్మిల్లా అని స్విచ్ వేశాడు. తెర వెలిగింది.

మంగళవారం, 1-1-1980.

దస్తగిరికి ఆ మంగళవారాన్ని చూసి ప్రాణం లేచొచ్చింది. ఛోటే మియా మీట మీద వేలు పెట్టాడు. ఎంటర్. ఎంటర్. లారీ తూగింది. ఖాళీ బరువు పోగా సరుకు బరువు సరిగ్గా వచ్చింది. చీటీ కరకరమని బయటికి వచ్చింది. జనంలో ఎవరో ఈల వేశారు. గురవయ్య తల ఊపాడు. టై ఆయన టై వదులు చేసుకున్నాడు.

ఛోటే మియా సొరుగు తెరిచి తేదీ ముద్ర తీశాడు. రోజు చక్రం ఒకటికి తిప్పాడు. నెల జనవరికి తిప్పాడు. సంవత్సరం తిప్పాడు. 1999 తర్వాత 1988 వచ్చింది. ఇంకోసారి తిప్పాడు. 1989. కళ్ళ దగ్గర పెట్టుకొని, ఒక్కొక్క అంకే తిప్పుతూ పోయాడు. మళ్ళీ 1999 దగ్గరికి వచ్చి ఆగాడు. ఆ ముద్రను ఫ్యాక్టరీ పెట్టిన ఏడు కొన్నారు. రబ్బరు పట్టీ మీద అంతవరకే అంకెలున్నాయి.

లారీ హారన్ కొట్టింది.

"సిస్టం ఫెయిల్యూర్," అన్నాడు టై ఆయన మెల్లగా.

"దస్తగిరీ," అన్నాడు గురవయ్య, "దీని సంగతేంది?"

దస్తగిరి ముద్రను చేతిలోకి తీసుకున్నాడు. కంప్యూటర్ల గురించి, సాఫ్ట్‌వేర్ల గురించి, వాటిని రాసేవాళ్ళ గురించి, అమ్మేవాళ్ళ గురించి, కాపీ చేసేవాళ్ళ గురించి ఆయనకు తెలియనిది లేదు. ఈ ముద్రను ఆరు నెలలుగా రోజూ చూశాడు.

"దీని మీద నాకు అభిప్రాయం లేదు సార్," అన్నాడు.

ఛోటే మియా మాత్రం ఆగలేదు. ముద్రను 1999 దగ్గరే ఉంచి దబ్బున కొట్టి, చెవి మీది పెన్ను తీసి, సంవత్సరం కొట్టేసి పక్కన 2000 అని రాసి, చీటీ డ్రైవరు చేతికిచ్చాడు. లారీ కాంట దిగి గేటు దాటి హైవే ఎక్కింది. గురవయ్య అది కనుమరుగైన దాకా చూసి, "లారీ అయితే ఆగలే," అన్నాడు. జానమ్మ అందరికీ టీ పోసింది, ఒక్కపొద్దున్న ఇద్దరికి తప్ప.

సోమవారం నాడు పర్మనెంట్ కాయితం వచ్చింది. రంజాన్ పండుగ అయ్యాక దవాఖాన కార్డు వచ్చింది. ఆ తర్వాత హసీనాకు అద్దాలు వచ్చాయి. అద్దాలు పెట్టుకొని ఆమె మొట్టమొదట చదివింది ఆ పర్మనెంట్ కాయితమే. పేరు చదివింది, సంతకం చూసింది, తేదీ మీద వేలు పెట్టి ఆగింది.

"ఏం జీ, గిది 1999 జనవరి అని ఉంది. నువ్వు చేరింది జులైల గదా?"

ఆఫీసు తేదీ ముద్రను, గేటు ముద్రను ఒకే రోజు, ఒకే దుకాణంలో కొన్నారు.